పిల్లికి కార్తీకం లేదు: మూత్ర సమస్య ఉన్న పిల్లికి ఏం పెట్టాలి

ఒడిశాలోని బరంపురం తెలుగిళ్లకు కార్తీకం రెండు లెక్కల్లో వస్తుంది. ఒడియా లెక్కలో ఆశ్వయుజ పున్నమి దాటగానే మొదలై కార్తీక పున్నమితో ముగుస్తుంది. తెలుగు లెక్కలో దీపావళి అమావాస్య మర్నాడు మొదలై మళ్లీ అమావాస్య దాకా నడుస్తుంది. ఇరుగుపొరుగు మాటా, ఇంటి పెద్దల మాటా రెండూ కాదనలేని ఇంట్లో పొయ్యి మీద నీచు వాసన తగిలి నెలన్నర అవుతుంది. పున్నమితో ముగిసే చివరి ఐదు రోజుల్ని ఒడియావాళ్లు బక పంచుక అంటారు. చేపల మీద బతికే కొంగ కూడా ఆ ఐదు రోజులూ చేప ముట్టదట. కొంగ సంగతేమో గానీ ఇంట్లో పిల్లికి అంత నిష్ఠ లేదు. పప్పన్నమో పెరుగన్నమో పెడితే వాసన చూసి వెనక్కి తిరుగుతుంది, ఆకలి ఆగక సగం తింటుంది. పున్నమి మర్నాడు ఛాడఖాయి, ఒడియావాళ్లు మళ్లీ నీచు ముట్టే రోజు. పక్క ఒడియా ఇంట్లో మాంసం ఉడుకుతూ ఉంటుంది, తెలుగింట్లో ఇంకా పప్పే. పిల్లి గోడ దూకుతుంది.

అలాంటి ఇంట్లోనే ఏదో ఒక పొద్దున కనిపించే దృశ్యం ఇది. పిల్లి ఇసుక తొట్టి వదిలేసి బాత్రూంలో నీళ్లు పోయే జాలీ పక్కన కూచుంటుంది. వీపు గూనిగా వంచి, తోక కొంచెం ఎత్తి ముక్కుతుంది. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూచుంటుంది. కింద రెండు మూడు చుక్కలు. తెల్ల టైలు అయితే అవి గులాబీ రంగులో ఉన్నాయని తెలుస్తుంది, సిమెంటు గచ్చయితే అదీ తెలియదు. ఆ తర్వాత ఆపకుండా కింద నాక్కుంటూ ఉంటుంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని చెంచాడు ఆముదం పట్టిస్తారు. మూత్రం బాధేనని పోల్చుకున్నవాళ్లు పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లి యూరినరీ తిండి ప్యాకెట్ ఉందా అని అడుగుతారు. ఆముదం కన్నా ఇది నయమే. కానీ అడగాల్సిన వరుస తప్పింది. ముందు తేల్చుకోవాల్సింది మూత్రం అసలు వస్తోందా లేదా అని. తర్వాత ఆ బాధ ఏ రకమైనదని. తిండి సంగతి ఆ రెండూ తేలాక.

మొదటిదాని దగ్గర ఆలస్యం చేయడానికి లేదు. ఆడపిల్లికి మూత్రమార్గం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. మగపిల్లికి పొడుగ్గా ఉండి చివర బాగా సన్నబడుతుంది. ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు, వాపు వల్ల రాలిన కణాలు కలిసి అక్కడ బిరడాలా పడితే చుక్క కూడా బయటికి రాదు. మూత్రాశయం నిండి ఒత్తిడి వెనక్కి, కిడ్నీల దాకా పోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. పూర్తిగా మూసుకుపోయిన మగపిల్లి రెండు మూడు రోజుల్లో, ఒక్కోసారి అంతకు ముందే చనిపోతుంది. పొట్ట అడుగున గట్టి బంతిలాంటిది చేతికి తగులుతుంది. దాన్ని నొక్కి మూత్రం తెప్పించాలని చూడకూడదు, మూత్రాశయం చిట్లిపోవచ్చు. వాంతులు, తిండి మానేయడం, మంచం కింద దూరి బయటికి రాకపోవడం, ముట్టుకుంటే అరవడం ఇవన్నీ దాని వెంటే వస్తాయి. ఈ స్థితిలో ఏ ప్యాకెట్టూ పనికిరాదు. మత్తిచ్చి గొట్టం వేసి దారి తెరవాలి.

గుణుపురం, మోహన, పర్లాకిమిడి వైపు ఉండేవాళ్లకు ఇది దూరాల లెక్క కూడా. అక్కడి పశువుల ఆసుపత్రులకు అలవాటైనవి ఆవులు, మేకలు. పిల్లికి గొట్టం వేసే సరంజామా ఉందా లేదా అన్నది ఫోను చేసి కనుక్కున్నాకే బండి ఎక్కాలి. బరంపురంలో దొరక్కపోతే విశాఖ. అటు వెళ్లే రైలు దారిలోనే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పొద్దున చూద్దాం అనుకుని నిద్రపోయే రాత్రే చాలా పిల్లుల పాలిట చివరి రాత్రి అవుతోంది.

దారి మూసుకోలేదని తేలాక రెండో ప్రశ్న. ఇక్కడ మనుషుల అనుభవం తప్పుదారి పట్టిస్తుంది. మనుషుల్లో మూత్రం మంటంటే ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షనంటే యాంటీబయాటిక్. పిల్లిలో కథ వేరు. పదేళ్ల లోపు పిల్లుల్లో ఈ లక్షణాలతో వచ్చేవాటిలో సగానికి పైగా కేసుల్లో రాయీ దొరకదు, సూక్ష్మజీవీ దొరకదు. మూత్రాశయం వాచి ఉంటుంది, కారణం తేలదు. దానికి డాక్టర్లు పెట్టిన పేరు ఇడియోపతిక్ సిస్టైటిస్. మూత్రాశయంలో రాళ్లు నూటికి పదీ ఇరవై మధ్య. వయసులో ఉన్న పిల్లికి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అరుదు. పదేళ్లు దాటిన పిల్లుల్లో, షుగరో కిడ్నీ జబ్బో ఉన్నవాటిలో మాత్రం అది తరచు కనిపిస్తుంది. యాంటీబయాటిక్ వేయగానే వారంలో తగ్గిందని చెప్పుకునే కేసుల్లో ఎక్కువ భాగం దానంతట అదే తగ్గే వాపే. ఆ వాపు మందు వేసినా వేయకపోయినా చాలాసార్లు వారం లోపే తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

పరీక్షలో స్ఫటికాలు కనిపించాయి కాబట్టి రాళ్లే అనడానికీ లేదు. స్ఫటికాలు ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రంలోనూ ఉంటాయి. పైగా నమూనా చల్లబడినా, గంటల తరబడి నిలవున్నా సీసాలోనే కొత్త స్ఫటికాలు పుడతాయి. తీసిన గంటలోపు చూస్తేనే ఆ పరీక్షకు విలువ. రాయగడలో పొద్దున పట్టిన మూత్రాన్ని ఐసు డబ్బాలో పెట్టి బరంపురం బస్సెక్కిస్తే సాయంత్రం వచ్చే రిపోర్టులో చెప్పేది పిల్లి సంగతి కాదు, ఐసు డబ్బా సంగతి. దూరం ఉన్నవాళ్లకు నమూనా పంపడం కన్నా పిల్లినే తీసుకెళ్లి ఎక్స్‌రేనో అల్ట్రాసౌండో తీయించడం మేలు. పిల్లుల్లో ఎక్కువగా వచ్చే రెండు రకాల రాళ్లూ ఎక్స్‌రేలో కనిపిస్తాయి.

ఆ రెండు రకాల పేర్లు స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్. తిండి ఎంపికంతా వీటి తేడా మీదే నిలబడి ఉంది. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన రాయి. మూత్రం క్షారంగా ఉంటే గట్టిపడుతుంది, ఆమ్లంగా మారితే కరుగుతుంది. సరైన తిండి ఒక్కటే పెడుతూ పోతే మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో, కొన్నిసార్లు ఇంకొంచెం ఆలస్యంగా, కత్తి పెట్టకుండానే మాయమవుతుంది. కాల్షియం ఆక్సలేట్ అలా కాదు. ఏ తిండికీ కరగదు. తీసేయాల్సిందే. తీసేశాక మళ్లీ రాకుండా చూడటం వరకే తిండి పని. మూత్రాన్ని మరీ ఆమ్లంగా నడిపితే ఆక్సలేట్‌కు అనుకూలం కూడా. అంటే ఒక రాయికి మందయిన తిండి రెండో రాయికి ఎరువు కావచ్చు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు, ఒకసారి ప్రపంచమంతటా జరిగింది. పిల్లుల, కుక్కల రాళ్లను తెప్పించుకుని పరీక్షించే కేంద్రం ఒకటి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1981 నుంచి నడుస్తోంది. ఆ ఏడాది అక్కడికొచ్చిన పిల్లుల రాళ్లలో నూటికి 78 స్ట్రువైట్, ఆక్సలేట్ 2. అప్పట్లో తప్పంతా మెగ్నీషియానిదేనని తేల్చి, తయారీదారులు దాన్ని తగ్గించి, మూత్రం ఆమ్లంగా మారేలా తిండిని మార్చారు. స్ట్రువైట్ తగ్గింది. ఆక్సలేట్ పెరుగుతూ పోయి 2000 దశకం మొదట్లో సగం దాటింది. మళ్లీ సర్దుబాట్లు చేస్తే స్ట్రువైట్ కొంత తిరిగొచ్చింది. అంతకుముందు కొన్నాళ్లు బూడిద శాతం తక్కువున్న తిండి అనే ప్రచారం నడిచింది. తిండిని కాల్చితే మిగిలే ఖనిజాల మొత్తమే ఆ బూడిద. అందులో ఏ ఖనిజం ఎంతో చెప్పకుండా మొత్తం చెబితే ప్రయోజనం లేదు. అయినా కొన్ని సంచుల మీద ఆ అంకె చూసి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రెండు రాళ్లకూ, రాయి లేని వాపుకూ మూడింటికీ పనికొచ్చేది ఒకటుంది: నీళ్లు. దుకాణంలో సంచీ కట్టి అమ్మేది కాదు కాబట్టి దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు.

ఇంటి పిల్లి మూలం ఎడారి అంచున బతికిన అడవిపిల్లి. ఎలుకను తింటే దాని ఒంట్లోని నీళ్లే చాలావరకు సరిపోయేవి, ఎలుకలో మూడింట రెండు వంతులు నీళ్లే కదా. అందుకే పిల్లికి దాహం తక్కువ, కిడ్నీకి మూత్రాన్ని చిక్కబరిచే శక్తి ఎక్కువ. అలాంటి జంతువుకు నూటికి ఎనిమిదో పదో వంతుల తేమ మాత్రమే ఉన్న గింజల తిండి పెడితే అది తగినన్ని నీళ్లు తాగి లోటు పూడ్చుకోదు. ఎక్కువ తాగుతుంది నిజమే, కానీ సరిపడా తాగదు.

లెక్క వేసి చూడొచ్చు. నాలుగు కిలోల పిల్లికి తిండిలోవీ తాగేవీ కలిపి రోజుకు 200 నుంచి 240 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. రోజుకు 60 గ్రాముల గింజలు తింటే వాటిలో వచ్చే నీళ్లు ఆరు మిల్లీలీటర్లు, చెంచాడు. మిగతాదంతా అది గిన్నె దగ్గరికెళ్లి తాగాలి. అదే ఆకలి తీరడానికి తడి తిండి 250 గ్రాములు తింటే, అందులో నూటికి 75 నుంచి 80 వంతులు నీళ్లే కాబట్టి, గిన్నె ముట్టకుండానే 200 మిల్లీలీటర్ల దాకా లోపలికి పోతుంది. కారణం తేలని వాపు ఉన్న పిల్లుల మీద 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో మూత్రాన్ని ఆమ్లంగా మార్చే ఒకే రకం తిండిని కొన్నింటికి తడిగా, కొన్నింటికి పొడిగా పెట్టి ఏడాది చూశారు. తడి తిన్నవాటిలో నూటికి 11కి జబ్బు తిరగబెట్టింది, పొడి తిన్నవాటిలో 39కి. తయారీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు.

తడి పౌచ్‌లు రోజుకు మూడు విప్పడం అన్ని ఇళ్లకూ అయ్యే పని కాదు. చిన్న పట్నాల్లో అవి ఎప్పుడూ దొరకవు కూడా. దానికి విరుగుడు ఇంట్లోనే ఉంది. అదే 60 గ్రాముల గింజల్ని రోజుకు మూడు నాలుగు వాయిదాలుగా చేసి, ప్రతి వాయిదాలో గింజలకు రెట్టింపు గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు నానబెట్టి పెట్టొచ్చు. రోజు మొత్తానికి 120 మిల్లీలీటర్లు అదనం. మొదట్లో మూతి తిప్పుకుంటుంది. మొదటి రోజు చెంచాడు నీళ్లతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచుకుంటూ పోవాలి. వైశాఖం ఎండల్లో నానిన తిండి గంట దాటితే పులుస్తుంది, అప్పుడు పారేయాల్సిందే. ఉప్పూ ఉల్లీ వేయకుండా కోడి మాంసం ఉడికించిన నీళ్లు గింజల మీద పోస్తే ఒప్పుకోని పిల్లి తక్కువ.

నీళ్ల గిన్నె విషయంలోనూ పిల్లికి పట్టింపులున్నాయి. తిండి గిన్నె పక్కన, ఇసుక తొట్టి పక్కన పెట్టిన నీళ్లు దానికి నచ్చవు. మీసాలు అంచుకు తగలని వెడల్పాటి మట్టి మూకుడో స్టీలు బేసినో ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టి రోజూ మార్చాలి. కొళాయి నుంచి కారే సన్నటి ధార కోసం కాసుకుని కూచునే పిల్లులుంటాయి. అలాంటిదానికి రోజుకు రెండుసార్లు కొళాయి విప్పితే నష్టం లేదు. పాలను నీళ్ల కింద లెక్కేయకూడదు. ఎదిగిన చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలై ఒంట్లో ఉన్న నీళ్లూ పోతాయి.

ఇక నీటి గట్టిదనం. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, ఇటు పక్క ఉద్దానం. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బుల్ని ఏళ్ల తరబడి చూసిన కుటుంబాలకు బోరు నీళ్లంటే భయం ఉండటం సహజం. ఆ జబ్బుకు ఒకే కారణమంటూ తేలలేదు, దాన్ని పిల్లి రాళ్లతో ముడిపెట్టడానికి ఆధారమూ లేదు. గట్టి నీళ్లలో లీటరుకు 30 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉందనుకుంటే పిల్లి తాగే పావు లీటరులోపు నీళ్లలో ఆరేడు మిల్లీగ్రాములు ఉంటుంది. 60 గ్రాముల గింజల్లో నూటికి 0.1 వంతు మెగ్నీషియం ఉన్నా 60 మిల్లీగ్రాములు. ఫిల్టరు నీళ్లు పెట్టగలిగితే పెట్టొచ్చు, కానీ బోరు నీళ్లని భయపడి గిన్నె తీసేయడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

ఈ సరిహద్దు ఇళ్లలో పిల్లి తినేదాన్ని చూస్తే సంచి తిండి కన్నా వంటింటి తిండే ఎక్కువ. అందులో మొదటిది ఎండు చేప, ఒడియాలో సుఖువా. సంత నుంచి మెత్తళ్లు తెచ్చిన రోజు పిల్లి గడప దాటదు. మెత్తళ్లు తలతో ముల్లుతో సహా తినేవి. ముల్లంటే కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం. నీరంతా పోయి అవి చిక్కబడి ఉంటాయి, పైన ఉప్పు. ఉప్పు తింటే పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతుంది కదా, మంచిదే కదా అనే వాదన ఉంది. డాక్టరు తిండి సంచుల్లో కొన్నింట్లో ఉప్పు కాస్త ఎక్కువ కలపడం నిజమే, ఉద్దేశమూ అదే. అయితే అక్కడ మిగతా ఖనిజాల్ని కొలిచి తగ్గించి ఉప్పు కలుపుతారు. మెత్తళ్లలో ఏదీ కొలిచింది కాదు. కిడ్నీ, గుండె బలహీనపడ్డ ముసలి పిల్లికి ఆ ఉప్పే ముప్పు. నీళ్లలో నానబెట్టి కడిగితే ఉప్పు కొంత పోతుంది, ముల్లు పోదు. రాళ్ల చరిత్ర ఉన్న పిల్లికి ఎండు చేపా ఎండు రొయ్యపొట్టూ పూర్తిగా ఆపేయడమే సరి. ఇందులో మధ్యేమార్గం వెతకడం అనవసరం.

పచ్చి చేప విషయం వేరు. గోపాలపురం రేవు నుంచి వచ్చే చిన్న చేపల్ని పచ్చిగా పడేయడం అలవాటు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను విరిచేసే ఎంజైము ఉంటుంది, రోజూ అదే తింటే పిల్లి తూలి పడే స్థితి వస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. కొవ్వెక్కువుండే చేపలే నెలల తరబడి పెడితే విటమిన్ ఇ లోపించి చర్మం కింది కొవ్వు వాచే జబ్బూ ఉంది. ముల్లు తీసి ఉడికించిన చేప వారానికి ఒకటి రెండుసార్లు రుచికి పెట్టొచ్చు. అదే ప్రధాన భోజనం కాకూడదు.

అన్నం, పప్పు, పెరుగు రెండో వైపు చివర. పిల్లి మాంసాహారి, ఇష్టం కొద్దీ కాదు, శరీర నిర్మాణం కొద్దీ. దానికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, అది మాంసంలోనే ఉంటుంది. టారిన్ లోపిస్తే పిల్లి గుండె కండరం సాగి బలహీనపడుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 1987లో చూపించాకే సంచి తిండ్లలో దాన్ని పెంచారు. మూత్రం వైపు నుంచి చూసినా మాంసం మూత్రాన్ని ఆమ్లం వైపు తెస్తుంది, గింజధాన్యాలూ పప్పులూ క్షారం వైపు లాగుతాయి. స్ట్రువైట్ వచ్చిన పిల్లికి నెలన్నర పప్పన్నం పెట్టడం రాయికి పెట్టినట్టే. నీళ్లలో నానిన అన్నం పఖాళలో పైన తేరిన తోరాణి, అదే మన తరవాణి, పిల్లి నాకితే విషమేమీ కాదు గానీ, అందులో ఉప్పూ ఉల్లిపాయా కలిపి ఉంటాయి. ఉల్లి పిల్లి ఎర్రరక్త కణాల్ని పగలగొడుతుంది, వెల్లుల్లి కూడా. కార్తీకంలో వంటింట్లోకి మాంసం రానివ్వని ఇళ్లుంటాయి. నిష్ఠ మనుషులది. వరండాలో పిల్లికి ఒక పౌచ్ విప్పినంత మాత్రాన నెల చెడదు.

అయితే ఇంట్లో కోడి ఉడికించి పెడదామా? కొన్ని రోజులకైతే బాగానే ఉంటుంది. మెత్తటి రొమ్ము ముక్క కన్నా కాలి ముక్క, గుండెకాయ మేలు, వాటిలో టారిన్ ఎక్కువ. ఉడికేటప్పుడు అది నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా తిండిలోనే కలపాలి. ఎముక లేని ఒట్టి మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. దాన్ని సరిచేద్దామని గుడ్డు పెంకు పొడి అంచనాగా వేయడం రాళ్ల పిల్లితో ఆడాల్సిన ఆట కాదు. నెలల తరబడి ఇంటి వంటే పెట్టాలనుకుంటే ఆ వంట లెక్క పశువైద్యుడే రాసివ్వాలి.

తిండి తర్వాత అందరికీ గుర్తొచ్చేవి చిట్కాలు. కొండపిండి ఆకు, పల్లేరు కాయల కషాయం, బార్లీ నీళ్లు. కొండను పిండి చేసేది అన్న పేరు వల్లే ఆ ఆకు మీద సగం నమ్మకం. మనుషుల రాళ్లకు దాని సంగతి ఎలా ఉన్నా, నాలుగు కిలోల జంతువుకు ఎంత మోతాదో కొలిచి చెప్పేవాళ్లు లేరు, చేదు కషాయం బలవంతంగా పట్టించే పెనుగులాటే వాపు ఉన్న పిల్లికి కొత్త దెబ్బ. అంతకన్నా ప్రమాదం మనుషులకు మూత్రం మంటకు రాసే ఆల్కలైజర్ సిరప్. అది మూత్రాన్ని క్షారం చేస్తుంది, పిల్లికి ఉన్నది స్ట్రువైట్ అయితే రాయికి బలం పోసినట్టు. విటమిన్ సి బిళ్లలు దానికి ఉల్టా: ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారతాయి. నొప్పికి పారాసిటమాల్ మాత్రం ఎప్పటికీ వద్దు, పిల్లికి ఒక్క బిళ్ల చాలు ప్రాణం తీయడానికి.

ఇప్పుడు సంచి దగ్గరికి రావచ్చు. రాయల్ కానిన్ యూరినరీ ఎస్/ఓ, హిల్స్ సి/డి, ఫార్మినా వెట్‌లైఫ్ స్ట్రువైట్ లాంటివి డాక్టరు చెబితే కొనేవి. వీటిలో మెగ్నీషియం, ఫాస్ఫరస్ కొలిచి తగ్గిస్తారు, మూత్రం ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, పీహెచ్, 6 నుంచి 6.5 దరిదాపుల్లో ఉండేలా చూస్తారు. కొన్ని స్ట్రువైట్‌ను కరిగించడానికి మాత్రమే, కొన్ని రెండు రాళ్లూ తిరిగి రాకుండా చూడటానికి. మామూలు సంచుల మీద మూత్ర ఆరోగ్యానికి అని అచ్చేసినదీ ఇవీ ఒకటి కాదు. అది ఆరోగ్యంగా ఉన్న పిల్లికి జాగ్రత్త, ఇవి జబ్బుకు వైద్యం. వీటిలో తడి రకం దొరికితే దాన్నే తీసుకోవాలి. పొడిదే దొరికితే నానబెట్టాలి. ఆమ్లం పెంచే తిండి తింటున్న పిల్లికి ఆమ్లం పెంచే మాత్రలు కూడా వేస్తే రక్తమే ఆమ్లమైపోతుంది. పాలు తాగే, ఎదిగే పిల్లపిల్లులకు, చూలు పిల్లులకు, కిడ్నీ జబ్బున్న ముసలివాటికి ఈ తిండి సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆక్సలేట్ వచ్చిన పిల్లికి ముందు రక్తంలో కాల్షియం చూపించాలి, కొన్నింట్లో అసలు గొడవ అక్కడే ఉంటుంది.

మార్పు మెల్లిగా జరగాలి. పాతదానిలో కొత్తది నాలుగో వంతు, సగం, ముప్పాతిక, ఇలా వారం నుంచి పది రోజులు. ఆకలేస్తే అదే తింటుందిలే అని మొండికేయడం పిల్లి దగ్గర చెల్లదు. రెండు మూడు రోజులు పస్తుంటే, అందులోనూ లావుపాటి పిల్లయితే, కాలేయంలో కొవ్వు పేరుకుని వేరే జబ్బులో పడుతుంది. లావు తగ్గించడం కూడా ఈ వైద్యంలో భాగమే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గదిలో ఉంచి, గిన్నె ఎప్పుడూ నిండుగా పెట్టే మగపిల్లే ఈ బాధలకు అందరికన్నా ముందు దొరుకుతుంది.

రాయి లేని వాపుకు తిండి ఒక్కటే చాలదు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టోనీ బఫింగ్టన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి చూపించింది ఏమంటే, ఈ జబ్బు మూత్రాశయంలో బయటపడినా దాని వేరు పిల్లి బెదురులో ఉంటుంది. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్ని తలుచుకుంటే చాలు. వారాల తరబడి వీధిలో డప్పులు, వేషాలు, ఇంటినిండా చుట్టాలు, పిల్లి పడుకునే మంచం మీద ఎవరో కొత్తవాళ్లు. అలాంటి రోజుల్లో కొత్త తిండి మొదలుపెట్టకూడదు. తలుపు వేసిన ఒక గది, ఎత్తు మీద ఒక అర, వేళకు తిండి, కాసేపు ఆట ఇవి ఏ సంచిలోనూ రావు. ఇంట్లో పిల్లులెన్నో ఇసుక తొట్లు అంతకన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. రెండు పిల్లుల్లో ఒకటి తొట్టి దారికి అడ్డంగా పడుకుంటే రెండోది మూత్రం పట్టుకుని కూచుంటుంది, అదీ జబ్బుకు దారే.

స్ట్రువైట్‌కు తిండి మొదలుపెట్టాక మూడు నాలుగు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. రాయి చిన్నదైతే సరైన దారిలో ఉన్నట్టు, మాయమయ్యాక కూడా ఒక నెల అదే తిండి. రాయి ఏమాత్రం చిన్నది కాకపోతే అది ఆక్సలేట్ అయినా కావాలి, పిల్లి ఇంకెక్కడైనా తింటూ ఉండాలి. డాక్టరు మొదటిదాన్ని అనుమానిస్తాడు. వీధి తెలిసినవాళ్లు రెండోదాన్ని అడుగుతారు. మన ఇంట్లో దానికో తెలుగు పేరుంటుంది, పక్కింట్లో ఒడియాలో అదే బిలేయి, ఆ పై ఇంట్లో ఇంకేదో. గోడ పక్కన నిలబడి అడిగితే పక్కింటావిడ దాచకుండానే చెబుతుంది, మధ్యాహ్నం తను అన్నానికి కూచున్నప్పుడు రోజూ వస్తుంది, పాపం ఆకలితో ఉందని సుఖువా తలలు వేస్తున్నానని. అప్పుడు ఆవిడకు సంచి చూపించి, ఇంకో నెల ఏమీ వేయొద్దని ఒడియాలో ఒప్పించుకోవాలి. నాలుగు వారాల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.